ఊటపాలెం నీళ్ళు

ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం గుంటూరులో అందరూ ఎరిగిన మర్యాదే. మంచినీళ్ళు సంచిలో వేసుకుని మనుషుల వెంట తిరిగే అమ్మాయిని మాత్రం వకుళ వచ్చేదాకా ఎవరూ చూసి ఉండరు. సంచి నిండా గాజు సీసాలు, ఒక్కో సీసా మీద ఒక్కో ఊరి పేరు. ఆటో ఎక్కితే గలగల, బస్సు దిగితే గలగల. "సోడాలమ్ముకునేదానికి ఎమ్మెస్సీ దేనికే?" అని వాళ్ళమ్మ లీలావతి రోజుకో విసురు విసిరేది.

ఆ ఎమ్మెస్సీ నీటి రసాయనశాస్త్రంలో. కాలేజీవాళ్ళకి వకుళ రాసిచ్చిన ప్రాజెక్టు బోరునీళ్ళలో ఫ్లోరైడు గురించి. దానికోసమే రెండూళ్ళ మేకల్ని తెచ్చి కాలేజీ వెనక షెడ్డులో కట్టేసింది. అసలు సంగతి అక్కడ తగిలింది. పరాయి ఊరి నీళ్ళు ఎన్ని తాగించినా మేక మూత్రంలో కొత్తగా ఏమీ కనపడలేదు. అది పుట్టి పెరిగిన ఊరి నీళ్ళు కాసిని పట్టగానే దాని కిడ్నీ ఒక వింత ప్రొటీను వదిలింది. చంటితనంలో ఏ నీళ్ళు తాగితే ఆ నీళ్ళలోని ఉప్పుల పాళ్ళకి తగ్గట్టు కిడ్నీలో వడపోత అమరుతుందన్నమాట. ఆ తర్వాత ఎక్కడి నీళ్ళిచ్చినా కిమ్మనకుండా పని చేసుకుపోతుంది గాని, ఆ పాత నీళ్ళు మళ్ళీ తగిలితే గుర్తుపట్టి పలుకుతుంది. మూత్రంలో ముంచినప్పుడు ఆ పలుకు వినపడితే వంగపండు రంగుకి తిరిగే కాగితపు చీటీ ఒకటి వకుళ తయారుచేసింది. మేకల్ని వాటి ఊళ్ళకి పంపేసి, మనుషుల దగ్గరకి బయల్దేరింది.

మనుషులంటే కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు. నెలకోసారి ఆసుపత్రి వరండాలో మాత్రల సంచీలు ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చుంటారు. ఆ వరసలో వకుళకీ ఒక కుర్చీ ఉంది. పన్నెండో ఏట ఆమె కిడ్నీలు రెండూ చెడిపోతే, మేనత్త మాణిక్యాంబ తన కిడ్నీ ఒకటి ఇచ్చి బతికించింది. అందుకే డాక్టర్ల దగ్గర నోరు విప్పనివాళ్ళు కూడా వకుళ దగ్గర విప్పేవాళ్ళు.

"ఈ నీళ్ళు తాగితే ఏం తెలుస్తది పాపా?" అని అడిగాడు బాపట్ల నుంచి వచ్చే కోటయ్య.

"మీలో ఉన్న కిడ్నీ ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగిందో తెలుస్తుంది. మరిగించి చల్లార్చాను, భయం లేదు. మీ పేరు ఎక్కడా రాయను. ఇష్టం లేకపోతే తాగొద్దు."

కోటయ్యకి కిడ్నీ ఇచ్చింది వాళ్ళమ్మ. ఆవిడ పుట్టింటి ఊరి నుంచి వకుళ తెచ్చిన నీళ్ళు తాగాడు. డాక్టరు పిలిచేలోపే చీటీ రంగు తిరిగింది. అతను దాన్ని ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా అమ్మ పోయి చాన్నాళ్ళయింది గదా. వాళ్ళూరి నీళ్ళు ఇంకా గుర్తుపట్టుద్దా!" అన్నాడు. ఏడ్చాడు కూడా. ఆ చీటీ తిరిగి ఇవ్వలేదు, చొక్కా జేబులో పెట్టుకుని పోయాడు.

చీటీ పనిచేస్తుందని తేలాక వకుళ గైడు సాంబశివుడు గారికి చెమట పట్టింది. ఆయన తలుపు దగ్గరకి వేసి కూర్చున్నాడు.

"నువ్వు నీళ్ళ మీద పరిశోధన చెయ్యడం లేదమ్మాయ్. కిడ్నీల దొంగవ్యాపారం మీద చేస్తున్నావు. దీనిమీద నేను సంతకం పెట్టను."

"పెట్టొద్దు సార్. ల్యాబు తాళం ఇవ్వండి చాలు."

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని తాళం ఇచ్చాడు. మంచివాడే, భయస్తుడు అంతే.

ఆయనన్నది నిజమే. దానికి కారణం ఊటపాలెం.

ఊటపాలెం సముద్రానికి దగ్గరగా ఉన్న చేనేత ఊరు. మగ్గాలు ఆగిపోయిన కాలంలో ఆ ఊరికి పెద్దమనుషుల్లాంటివాళ్ళు కొందరు వచ్చి, పట్నంలో పని ఇప్పిస్తామని ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ తీసుకుపోయారు. పోయినవాళ్ళు తిరిగొచ్చేసరికి నడుం పక్కన జానెడు కోత ఉంది. అడిగితే రాళ్ళ ఆపరేషన్ అని చెప్పమన్నారు, అలాగే చెప్పారు. వకుళ ఫ్లోరైడు కోసం నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళినరోజు తిరుపతమ్మ అనే ఆవిడ గుమ్మంలో వాచిన కాళ్ళు చాపుకుని కూర్చునుంది.

"నీళ్ళలో ఏముందో చెప్తావంట గదా తల్లీ. నాలో ఏం లేదో చెప్పగలవా?"

వకుళ సంచి కింద పెట్టి పక్కన కూలబడింది. తిరుపతమ్మకి మిగిలిన కిడ్నీ కూడా పాడైపోతోంది. అవయవం ఇచ్చినవాళ్ళకి జబ్బు చేస్తే ప్రభుత్వాసుపత్రిలో ముందు వరస, ఖర్చు లేకుండా వైద్యం అని కొత్తగా చట్టం వచ్చింది. కానీ తిరుపతమ్మ ఇచ్చినట్టు ఎక్కడా దాఖలా లేదు. కోసిన ప్రైవేటు పెద్దాసుపత్రిని అడిగితే, ఈమెకి పుట్టుకతోనే ఒకటే కిడ్నీ అని రాసిచ్చారు.

"రెండుండేయమ్మా," అంది తిరుపతమ్మ. "నా ఒంట్లోయి నాకు తెలవదా? ఒకటి పోయింది. యాడికి పోయిందో, ఎవురికి పెట్టారో! తిరిగి ఇమ్మని అడగను. నేనిచ్చానని ఎవురన్నా ఒక్కళ్ళు ఒప్పుకుంటే చాలు, ఆ ఆసుపత్రోళ్ళు మంచమిస్తారు."

వకుళ ఆ మంచం ఇప్పించి తీరాలనుకుంది. ఊటపాలెం నీళ్ళకి పలికే కిడ్నీ ఒక్కటి, ఎవరి ఒంట్లో దొరికినా, ఆ ఊరి కోతలకి సాక్ష్యం దొరికినట్టే. వరండాలో 'మా బంధువులిచ్చారు' అని చెప్పేవాళ్ళు ఎంతోమంది. వాళ్ళలో ఒప్పుకున్నవాళ్ళకల్లా నీళ్ళిచ్చింది. వాళ్ళతోపాటు తనూ తాగి, తన చీటీ కూడా పక్కన పెట్టేది. రైల్వే ఉద్యోగి అయిన తాతయ్యతో అత్త చిన్నప్పుడు ఊరూరా తిరిగింది, ఏ ఊరి నీళ్ళూ స్థిరంగా తాగలేదు. కాబట్టి వకుళ చీటీ ఏ నీళ్ళకీ మారదు. మారని చీటీ ఒకటి పక్కన ఉంటేనే మారినదానికి విలువ.

ఎండాకాలం పోయింది, వానలు వచ్చి పోయాయి. ఊటపాలెం నీళ్ళకి ఒక్కళ్ళ చీటీ కూడా మారలేదు. వకుళ వెళ్ళినప్పుడల్లా తిరుపతమ్మ వాకిలి ఊడ్పించి, కుర్చీ వేయించి, సీసాలన్నీ లోపలికి తీసుకెళ్ళి తనే నింపి తెచ్చిచ్చేది. ఆమె కాళ్ళ వాపు మోకాళ్ళు దాటింది. అయినా వకుళ ఆపలేదు. చీటీలో లోపముందేమోనని మొదటినుంచి మళ్ళీ చేసింది, లోపం లేదు.

ఒకరోజు చెప్పకుండా వెళ్ళింది. తిరుపతమ్మ నులకమంచం మీద నిద్రపోతోంది. వకుళకి మాత్ర వేసుకోవలసిన వేళ అయింది, తన సీసా ఖాళీ. ఆ మాత్ర వేళ తప్పకూడదు. లేపడం ఇష్టంలేక లోపలికెళ్ళి బిందెలోంచి ఒక గ్లాసు ముంచుకుని తాగింది. ఉప్పగా, చేదుగా గొంతుకి అడ్డంపడ్డాయి. ఆ దగ్గుకి తిరుపతమ్మ లేచి కూర్చుంది.

"ఏం నీళ్ళు పిన్నీ ఇవి?"

"అయ్యో అయ్యో, అయ్యెందుకు తాగావ్! అయ్యి మేం తాగే బోరునీళ్ళు. నీకు డబ్బా తెప్పిస్తా గదా ఎప్పుడూ!"

"డబ్బానా?"

"మరి? ప్లాంటు నీళ్ళ డబ్బా. నువ్వొస్తావనే తెప్పిచ్చేది."

వకుళ మెల్లగా గ్లాసు కింద పెట్టింది. "నా సీసాల్లో ఇన్నాళ్ళూ ఏం పోశావు పిన్నీ?"

"డబ్బా నీళ్ళే! పట్నంలో చదువుకున్నోళ్ళు తాగేయి అన్నావు గదా. ఈ ఉప్పు నీళ్ళు పోసి పంపిత్తే మా ఊరి మర్యాదేం గాను?"

వకుళకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్ని నెలలు బస్సుల్లో గలగలలాడుతూ మోసుకుపోయింది పక్క టౌనులో ఆరు గొట్టాల్లో వడకట్టిన నీళ్ళు! చీటీని అనుమానించింది గాని, సీసాల్లో నీళ్ళని ఒక్కసారన్నా పరీక్షించి చూసుకోలేదు. ఆ నీళ్ళని ఏ కిడ్నీ గుర్తుపట్టి చచ్చేది? కసురుకుందామంటే నోరు రాలేదు. ఇక్కడివాళ్ళు తాము తాగేది ఎదుటివాళ్ళకి పెట్టలేక, తాము కొనుక్కోలేనిది తెచ్చి పెట్టారు. వకుళ సీసాలన్నీ వాకిట్లో గుమ్మరించి, బోరింగు దగ్గరకెళ్ళి తనే కొట్టుకుని నింపుకుంది.

ఆ సాయంత్రం ల్యాబులో అలవాటుగా తన చీటీ ముంచి, సీసాలు సర్దుకుంటూ ఒకసారి చూసింది. చీటీ వంగపండు రంగులో ఉంది.

చీటీలు కలిసిపోయాయనుకుంది. కొత్తది తీసింది. అదీ అదే రంగు. రెండురోజులు ఇంటి నీళ్ళు మాత్రమే తాగి మళ్ళీ చూస్తే తెల్లగానే ఉంది. బోరునీళ్ళు మరిగించి తాగింది, మళ్ళీ తిరిగింది. పరిశోధన చేసేవాళ్ళు ఎన్నిసార్లు చెయ్యాలో అన్నిసార్లూ చేసింది. చిన్నప్పుడు అత్త ఎన్ని ఊళ్ళు తిరిగినా రైలు ఊటపాలెం మీదుగా పోదు.

వరండాలో కూడా అసలు నీళ్ళు పోశాక ముగ్గురి చీటీలు మారాయి. ముగ్గురూ ఒకే మాట అన్నారు. "చింపెయ్యమ్మా. పిల్లలున్నారు." మాటిచ్చింది కాబట్టి వాళ్ళ కళ్ళముందే చింపేసింది. ఇక మిగిలింది ఒక్క చీటీ.

మాణిక్యాంబ పొన్నూరులో ఉంటుంది. వకుళ ఇంటి లెక్కలో ఆవిడ దేవత. దసరాకి మొదటి చీర అత్తకి పెట్టాకే మిగతావాళ్ళకి. విస్తళ్ళు వేస్తే అత్త కూర్చున్నాకే లీలావతి కూర్చునేది. ఎవరు కొత్తగా ఇంటికొచ్చినా వకుళ నాన్న శేషగిరి, "మా అక్కయ్య. మా అమ్మాయికి ప్రాణం పోసింది" అని చెప్పి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టించేవాడు.

వకుళ వెళ్ళేసరికి ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. చీటీ గురించి ఏమీ చెప్పకుండా వకుళ ఒక్కటే అడిగింది.

"అత్తా, ఒక్కసారి నీ నడుం చూపిస్తావా?"

మాణిక్యాంబ చేతులు ఆగిపోయాయి. పమిట ఇంకా దగ్గరకి లాక్కుంది. అత్త ఎప్పుడూ నడుం కనపడకుండా చుట్టూ కప్పుకునే చీర కట్టేదని, ఒళ్ళు నొప్పులన్నా ఎవరిచేతా నడుం పట్టించుకునేది కాదని వకుళకి అప్పుడు స్ఫురించింది.

"ఈ మాట ఎవరన్నా అడుగుతారేమోనని పదకొండేళ్ళ నుంచీ చూస్తున్నానే," అంది అత్త. "నేనిస్తానని ముందుకొచ్చిన మాట నిజం. ఒట్టు. నాది సరిపోలేదన్నారు. మీ అమ్మది సరిపోలేదు, మీ నాన్నకి షుగరు. నీకు ఊపిరాడటం లేదు. అప్పుడు ఆ డాక్టరు, కిడ్నీ తెచ్చే పూచీ నాది, మీ పేరు మాత్రం వాడుకుంటాం అన్నాడు. సంతకం పెట్టాను."

"ఆసుపత్రిలో ఉన్నావుగా?"

"ఉన్నాను. నడుంకి ఉత్తుత్తి కట్టు కట్టి పక్కగదిలో పడుకోబెట్టారు. చుట్టాలందరూ ఆపిల్ పళ్ళు తెచ్చి ఏడ్చి పోయేవాళ్ళు. ఆ పళ్ళు తిన్నానే వకుళా. గోడ అవతల ఎవరో అమ్మాయి మూలిగేది, ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు. నేను పళ్ళు తింటూ పడుకున్నాను."

అత్తని అసహ్యించుకోవాలనుకుంది వకుళ. చేతకాలేదు. ఒళ్ళో తల పెట్టి గట్టిగా ఏడ్చింది. ఏడ్చి లేచి, ముఖం కడుక్కుని గుంటూరు బస్సెక్కింది.

శేషగిరికి విత్తనాల కొట్టు ఉంది. కూతురు చెప్పినదంతా విని షట్టరు సగం దించి వచ్చాడు.

"నీ చీటీ ఒక్కటి పక్కన పెట్టమ్మా. ఇంకెవరిదన్నా దొరుకుతుంది."

"దొరికిన ముగ్గురూ చింపించుకున్నారు నాన్నా. అందరూ నీలాగే అనుకుంటారు. ఇంకెవరో దొరికేలోపు తిరుపతమ్మ ఉండదు."

"నా కూతురు బతకాలనుకున్నాను. అది నేరమా?"

"అనుకోవడం నేరం కాదు. చేసింది నేరం."

ఆయన ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. "నన్ను జైల్లో పెట్టిస్తావా?" అన్నాడు, కోపంగా కూడా కాదు.

వకుళకి ఆ మాట గుండెల్లో దిగింది. జ్వరంలో తనని భుజాన వేసుకుని ఆసుపత్రి మెట్లెక్కిన మనిషి. "నాన్నా, నువ్వంటే నాకు ప్రాణం. కానీ ఆ ప్రాణం ఏ ఊరిదో నాకిప్పుడు తెలుసు. తెలిశాక ఊరుకోలేను," అంది. ఆవేళ్టి నుంచి ఇంట్లో మాటలు లేవు. లీలావతి ఇద్దరికీ వేరువేరుగా అన్నం పెట్టి, వంటింట్లో కూర్చుని కళ్ళు తుడుచుకునేది.

వకుళ అర్జీ పెట్టుకున్నాక ఒంగోలులో ప్రభుత్వ డాక్టర్ల సంఘం కూర్చుంది. సంఘానికి పెద్ద డాక్టర్ నస్రీన్, నెమ్మదైన మనిషి. వకుళ అందరి ఎదుటా ఊటపాలెం నీళ్ళు తాగింది. చీటీ మారింది. మరో ఊరి నీళ్ళు తాగిన రోజు మారలేదు. సంఘంవాళ్ళు సీసాలు తామే నింపి, పేర్లు దాచి పరీక్షించినా అదే ఫలితం.

"బాగానే ఉంది," అంది నస్రీన్. "కానీ మీ కాగితాల్లో మీ మేనత్త ఇచ్చినట్టుంది. ఆసుపత్రి ముద్రలున్నాయి, సంతకాలున్నాయి. ఒక చీటీ రంగు చూసి ఇవన్నీ అబద్ధమని ఎట్లా అంటాం?"

వెనక కుర్చీలోంచి మాణిక్యాంబ లేచింది. వస్తానని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆవిడ పక్కన శేషగిరి కూడా ఉన్నాడు, తల వంచుకుని.

"అత్తా, నీ మీద కూడా కేసు పడుతుంది," అంది వకుళ.

"పడనీ. మగడాక్టర్లు కాస్త అటు తిరగండయ్యా."

డాక్టర్లు తమ కుర్చీల్లో అటు తిరిగారు. మాణిక్యాంబ పమిట తొలగించి, నస్రీన్ ముందు నిలబడింది. రెండు పక్కలా నడుం నున్నగా ఉంది, ఎక్కడా గీత లేదు.

"నావి రెండూ నా దగ్గరే ఉన్నాయమ్మా, ఏ మిషన్ కింద పెట్టినా కనపడతాయి. ఇవ్వని నాకేమో ఇచ్చినట్టు ఇన్ని కాగితాలున్నాయి. ఇచ్చినవాళ్ళు ఊటపాలెం నుంచి వచ్చి బయట వరండాలో కూర్చున్నారు, వాళ్ళకి కోతలున్నాయి, కాగితం లేదు. ఎవరిని నమ్ముతారో మీ ఇష్టం."

నస్రీన్ లేచి తనే ఆవిడ పమిట సర్దింది. స్కానింగులో రెండు కిడ్నీలూ కనపడ్డాయి. శేషగిరి ఆ సాయంత్రమే డాక్టరు పేరు, తీసుకొచ్చినవాళ్ళ పేర్లు పోలీసులకి చెప్పి సంతకం పెట్టాడు. జీపు ఎక్కేముందు కూతురి వైపు చూశాడు గాని ఏమీ మాట్లాడలేదు. అది వకుళకి చాలాకాలం గుచ్చుకుంటూనే ఉంది.

ఊటపాలెంలో కోతలున్న అందరినీ ఇచ్చినవాళ్ళుగా ఒప్పుకుంటున్నట్టు సంఘం రాసింది. తిరుపతమ్మకి మంచం దొరికింది. మిషన్ మీద రక్తం శుభ్రమవుతుంటే ఆమె కాళ్ళు రోజురోజుకీ మనిషి కాళ్ళలా మారాయి. కానీ పెద్దాసుపత్రి మీద కేసుకి ఊరి పేరు సరిపోదన్నారు. ఏ మనిషి ఒంట్లోంచి తీసి ఏ మనిషి ఒంట్లో పెట్టారో కోర్టుకి మనిషితో సహా చూపించాలి. ఊరు తెలిసింది కాబట్టి ఇక చెయ్యవలసింది వకుళలోని కిడ్నీతో సరిపోల్చే మామూలు రక్తపరీక్షే, కోతలున్నవాళ్ళందరికీ వరసగా. వకుళ నర్సుని వెంటబెట్టుకుని ముందు తిరుపతమ్మ మంచం దగ్గరకే వచ్చింది.

తిరుపతమ్మ చెయ్యి దుప్పటి కిందకి లాక్కుంది.

"వద్దు తల్లీ. నాదేనని తేలిందనుకో, నా మొఖం చూళ్ళేవు నువ్వు. నాది కాదని తేలితే ఇంక రావు. ఎట్టా తేలినా నాకే నష్టం."

వకుళ మంచం అంచున కూర్చుంది. ఏం చెప్పాలో ఆలోచించుకుని రాలేదు.

"నీది కాకపోతే మీ ఊళ్ళో గడపగడపకీ రావాలి. నీ గడప దాటి ఎట్లా పోతాను పిన్నీ?"

"నాదైతేనో?"

"నీదైతే కోర్టులో నా పక్కన నిలబడాలి. కేసు తెమిలేదాకా నువ్వు చావడానికి వీల్లేదు."

"బెదిరిస్తన్నావా?"

"అవును."

తిరుపతమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, దుప్పటి తీసి చెయ్యి చాపింది. నర్సు సూది గుచ్చి రక్తం తీసినంతసేపూ వకుళ ఆమె మొఖంలోకే చూస్తూ కూర్చుంది.